మెదడు జబ్బుల పరిశోధన: ఒక చిన్న జవాబు విలువ

మన ఇళ్లలో ఒక అమ్మాయో అబ్బాయో ఎమ్మెస్సీ పూర్తి చేసి, మెదడు జబ్బుల మీద పనిచేసే ల్యాబులో పీహెచ్‌డీకి చేరారనుకోండి. బంధువులు సంతోషిస్తారు. ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. "అయితే అమ్మా, ఆ వణుకుడు జబ్బుకి మందు కనిపెడతావా?" అంటారు. ఇంట్లో మంచం పట్టిన తాతగారో, మనవల పేర్లు మరిచిపోతున్న అమ్మమ్మగారో ఉంటే ఆ ప్రశ్న వెనకాల ఎంతో ఆశ ఉంటుంది. రెండేళ్లు గడిచాక మరో ప్రశ్న వస్తుంది. "ఇంకా ఆ ఎలుకలతోనే ఉన్నావా?" ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. వాటికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. ఈ వేళ నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్క మాట. మెదడు జబ్బుల ల్యాబులో పీహెచ్‌డీ చేసే విద్యార్థి దగ్గర మనం మందు ఆశించకూడదు. ఒక చిన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఆశించాలి. మళ్లీ చెబుతాను. చిన్న ప్రశ్న, నమ్మదగిన జవాబు. అది తక్కువ కోరిక అనిపించవచ్చు. కానీ ఇవాళ మన చేతిలో ఉన్న మందుల వెనక్కి నడుచుకుంటూ వెళితే మనకు కనిపించేవి ఆ చిన్న జవాబులే.

పార్కిన్సన్స్ జబ్బు సంగతే తీసుకుందాం. చెయ్యి వణుకుతుంది. అడుగు చిన్నదవుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం పెద్ద పని అయిపోతుంది. మనసులో నవ్వు ఉన్నా ముఖం మీదికి రాదు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు 1817లో ఈ జబ్బును వర్ణించి రాశాడు. ఆ తర్వాత నూట నలభై ఏళ్లకు పైగా, మంచం పట్టిన రోగిని లేపి నడిపించగల మందు లేకపోయింది. మరి దారి ఎక్కడ దొరికింది? మన సర్పగంధ మొక్క వేరు దగ్గర దొరికింది. ఆ వేరును మన వైద్యులు ఎంతో కాలంగా వాడుతున్నారు. రక్తపు పోటుకూ పిచ్చికీ అది పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యులు 1931లో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. అది ఇచ్చిన రోగులు శాంతించారు. కానీ వారిలో కొందరికి ఒళ్లు బిగుసుకుపోయి, కదలిక మందగించి, అచ్చం పార్కిన్సన్స్ వచ్చినట్టే అయింది. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో అర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త దీని మీద ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. రిసర్పిన్ మెదడులో ఏ పదార్థాన్ని ఖాళీ చేస్తోంది? ఆయన కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి, కదలకుండా కూర్చుండిపోయాయి. అప్పుడు డోపా అనే పదార్థాన్ని ఎక్కించాడు. కాసేపటికే కుందేళ్లు చెవులు నిక్కించి, తిరగడం మొదలుపెట్టాయి. ఇది 1957 నాటి మాట. మెదడులో తిరిగి నిండినది డోపమిన్ అని తర్వాత తేలింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. అప్పటిదాకా డోపమిన్‌ను శాస్త్రవేత్తలు పెద్దగా లెక్కచేయలేదు. శరీరం ఇంకో పదార్థాన్ని తయారుచేసుకునే దారిలో అదొక మధ్య మజిలీ అనుకున్నారు, అంతే. కార్ల్‌సన్ దగ్గర ఓకే బెర్ట్‌లర్, ఎవాల్డ్ రోసెన్‌గ్రెన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఉన్నారు. వాళ్లకు అప్పగించిన పని వింటే మీకు చాలా చప్పగా అనిపిస్తుంది. కుక్క మెదడులో ఏ భాగంలో ఎంత డోపమిన్ ఉందో కొలవాలి. అంతే. జబ్బు లేదు, రోగి లేడు, మందు లేదు. వాళ్లు కొలిచారు. డోపమిన్ మెదడంతా సమంగా పరుచుకుని లేదని తేలింది. మెదడు లోతుల్లో, కదలికలను నడిపించే భాగంలో అది కుప్పపడి ఉంది. 1959లో ఆ ఫలితం అచ్చయింది. వియన్నా నగరంలో ఓలెహ్ హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్త ఆ కాగితాలు చదివాడు. కదలికల భాగంలోనే డోపమిన్ ఉంటే, కదలిక చెడిన పార్కిన్సన్స్ రోగి మెదడులో అది ఎంత ఉండాలి అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. ఇద్దరు విద్యార్థుల కొలత ఒక ఊళ్లో అచ్చయితే, ఇంకో దేశంలో ఇంకొకరికి సరైన ప్రశ్న పుట్టింది.

హోర్నికీవిచ్, ఆయన యువ సహచరుడు హెర్బర్ట్ ఎరింగర్ కలిసి ఆసుపత్రుల నుంచి, చనిపోయిన రోగుల మెదళ్లు సేకరించారు. పార్కిన్సన్స్ లక్షణాలతో పోయినవారివి ఆరు. ఆ జబ్బు లేకుండా పోయినవారివి కొన్ని. అప్పట్లో డోపమిన్‌ను గుర్తించడానికి అయొడిన్‌తో ఒక పరీక్ష చేసేవారు. పదార్థం ఉంటే పరీక్ష నాళికలో గులాబీ రంగు తేలుతుంది. జబ్బు లేనివారి మెదడు నమూనాలో చక్కని గులాబీ రంగు వచ్చింది. పార్కిన్సన్స్ వారి నమూనాలో ఆ ఛాయ కూడా సరిగ్గా కనిపించలేదు. కొలిచే యంత్రంలో పెట్టకముందే, కంటికే తేడా తెలిసిపోయింది. 1960లో దాన్ని ప్రకటించారు. 1961లో వాల్టర్ బిర్క్‌మేయర్ అనే వైద్యుడు, హోర్నికీవిచ్ కోరిక మీద, మంచం పట్టిన రోగులకు ఎల్-డోపా సూదిమందుగా ఇచ్చాడు. లేచి కూర్చోలేనివారు లేచి నిలబడ్డారు. నిలబడలేనివారు నడిచారు. ఆ సూదిమందు పనిచేసేది కొన్ని గంటలే. 1967లో అమెరికాలో జార్జ్ కోట్‌జియాస్, డోపాను నోటి ద్వారా, మోతాదు మెల్లమెల్లగా పెంచుకుంటూ ఇస్తే మేలు నిలుస్తుందని చూపించాడు. నేటికీ పార్కిన్సన్స్‌కు ముఖ్యమైన మందు ఎల్-డోపాయే. అది జబ్బును ఆపదు. ఏళ్లు గడిచేకొద్దీ అవసరం లేని కదలికలు తెచ్చిపెడుతుంది కూడా. అయినా ఎందరికో కొన్ని మంచి సంవత్సరాలు ఇచ్చింది.

ఇందులో మనవాళ్లు గమనించవలసిన ఇంకో ముక్క ఉంది. ఆ ఎల్-డోపా అప్పటికి కొత్త పదార్థమేమీ కాదు. మన చేల గట్ల మీద పెరిగే దూలగొండి తీగ మీకు తెలుసు. కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురదపెడుతుంది. ఆ గింజల్లోంచి ఎల్-డోపాను దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు 1937లోనే మద్రాసులో విడదీసి ప్రకటించారు. అంటే మందు మన చేతిలో ఉంది. ఎవరికివ్వాలో, ఎందుకివ్వాలో తెలియక ఇరవై ఏళ్లకు పైగా అలా పడి ఉంది. లోపించింది పదార్థం కాదు, మెదడులో డోపమిన్ ఎక్కడ ఉంది, అక్కడ ఏం చేస్తోంది అన్న చిన్న జవాబు. అందుకే "మందు కనిపెడతావా" అన్న ప్రశ్న కన్నా "దేన్ని తెలుసుకోబోతున్నావు" అన్న ప్రశ్న గట్టిదంటాను. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది విని ఎవరూ దూలగొండి గింజల పొడి సొంతంగా మొదలుపెట్టకండి. ఏ గింజలో ఎంత మందు ఉందో మనకు తెలియదు. మీరు వాడుతున్న మాత్రలతో కలిస్తే మోతాదు మించిపోతుంది. డాక్టరుగారిని అడగకుండా ఆ పని వద్దు.

సరే, ఆ చిన్న జవాబు ల్యాబులో ఎలా తయారవుతుంది? ఒక్క పనిని దగ్గరగా చూద్దాం. ఒక విద్యార్థిని పార్కిన్సన్స్ మీద పనిచేస్తోంది. డోపమిన్ తయారుచేసే నాడీకణాలు మెదడు కాండం పైభాగంలో, రెండు వైపులా ఉంటాయి. మనిషి మెదడును అక్కడ అడ్డంగా కోస్తే, ఆ చోటు మామూలు కంటికే నల్లని పట్టీలా కనిపిస్తుంది. పార్కిన్సన్స్ రోగిలో ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. ఎలుకలో ఆ కణాలు కొన్ని చనిపోయేలా చేసి, ఒక పదార్థం ఇస్తే ఆ చావు తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఎలుక మెదడును గడ్డకట్టించి, వెంట్రుక కన్నా పలుచని పొరలుగా కోస్తారు. పొర ఉప్పునీటిలో తేలుతుంటుంది. సన్నని కుంచెతో దాన్ని మెల్లగా గాజు పలక మీదికి ఎక్కించాలి. ఊపిరి గట్టిగా వదిలినా మడత పడుతుంది. మడత పడితే ఆ పొర పోయినట్టే. తర్వాత డోపమిన్ కణాలకు మాత్రమే గోధుమ రంగు పట్టేలా చేస్తారు. అప్పుడు మైక్రోస్కోపు కింద ఆ కణాలను లెక్కపెట్టాలి. ఒక ఎలుకవి కాదు, ఎన్నో ఎలుకలవి. వారాల తరబడి ఇదే పని.

ఇక్కడే ఒక ముఖ్యమైన కట్టుబాటు ఉంది. లెక్కపెట్టే మనిషికి, తాను చూస్తున్న పలక మందు ఇచ్చిన ఎలుకదో ఇవ్వని ఎలుకదో తెలియకూడదు. పక్క బల్ల మీది స్నేహితురాలు పేర్ల మీద చీటీ అంటించి, అంకెలు మాత్రం వేస్తుంది. లెక్క అంతా అయ్యాకే చీటీలు విప్పుతారు. ఎందుకీ చాదస్తం అనుకుంటారేమో. ఆ పదార్థం పనిచేయాలని విద్యార్థిని మూడేళ్లుగా కోరుకుంటోంది. రంగు సగం పట్టిన కణం కనిపిస్తే, మందు ఇచ్చిన ఎలుకదైతే లెక్కలో వేస్తుంది, ఇవ్వనిదైతే వదిలేస్తుంది. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఉండదు. కోరిక కంటిని లాగేస్తుంది. ఆ లాగుడుకు అడ్డుకట్ట ఆ చీటీ. నా దృష్టిలో పీహెచ్‌డీ చదువులో నేర్చుకునే అతి ముఖ్యమైన విద్య ఇదే. మైక్రోస్కోపు నడపడం ఆరు నెలల్లో వస్తుంది. తన కోరికనుంచి తన కంటిని కాపాడుకోవడం రావడానికి ఏళ్లు పడుతుంది.

అది రాకపోతే ఏమవుతుందో కూడా చూశాం. మతిమరుపు తెచ్చే ఆల్జీమర్స్ జబ్బు మీద 2006లో ఒక ప్రసిద్ధ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అమిలాయిడ్ అనే ప్రోటీన్ ఒకానొక రూపంలో ఎలుకల జ్ఞాపకాన్ని దెబ్బతీస్తోందని అందులో చెప్పారు. ఎందరో దాన్ని ఆధారంగా చూపుతూ పరిశోధనలు రాశారు. చివరికి అందులోని చిత్రాలను మార్చినట్టు ఆనవాళ్లు ఉన్నాయని తేలి, 2024లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పద్దెనిమిదేళ్లు. అమిలాయిడ్ గురించి తెలిసినదంతా ఈ ఒక్క వ్యాసం మీదే ఆధారపడి లేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ దాన్ని నమ్మి తమ ల్యాబులో అదే ఫలితం రాబట్టబోయి, రాక, తప్పు తమదే అనుకుని కుమిలిపోయిన విద్యార్థులు ఉండే ఉంటారు. వాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది. నమ్మదగిన చిన్న జవాబు ఎంత దూరం వెళుతుందో లుండ్ విద్యార్థులు చూపించారు. నమ్మరాని జవాబు కూడా అంత దూరమూ వెళుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలు విందాం. మొదటిది అందరూ అడిగేది. ఎలుక మనిషి ఎలా అవుతుంది? ఎలుకల్లో నయమైన జబ్బులు మనుషుల్లో నయం కావడం లేదుగా? నిజమే. ఫ్రాజైల్ ఎక్స్ అని పుట్టుకతో వచ్చే ఒక లోపం ఉంది. పిల్లల్లో బుద్ధి ఎదగకపోవడానికి వంశపారంపర్య కారణాల్లో అది ముఖ్యమైనది. దాని జన్యువు 1991లో దొరికింది. మెదడులో ఒక సంకేత మార్గం అదుపు తప్పడం వల్ల లక్షణాలు వస్తున్నాయని 2004లో ఒక సిద్ధాంతం వచ్చింది. ఎలుకల్లో ఆ మార్గాన్ని తగ్గిస్తే లక్షణాలు సర్దుకున్నాయి. ఎందరో తల్లిదండ్రులు ఆశపడ్డారు. పెద్ద మందుల కంపెనీలు మనుషుల్లో పరీక్షించాయి. మేలు కనిపించలేదు. పరీక్షలు ఆపేశారు. దీన్నుంచి ఎలుకల పరిశోధన దండగ అని తేల్చేయవచ్చా? నేను అలా అనుకోను. ఎలుకల్లో దొరికిన జవాబు, ఎలుకల వరకు, సరైనదే. మందును ముఖ్యంగా పరీక్షించింది పెద్దవాళ్లలో, కౌమారంలో ఉన్నవారిలో. అప్పటికే మెదడు చాలావరకు అమరిపోయి ఉంటుంది. అది ఒక కారణం కావచ్చని పరిశోధకులు తర్వాత మరింత చిన్న పిల్లల వైపు చూశారు. ఎలుక చెప్పినదాన్ని ఎలుక చెప్పినంతే చెప్పాలి. థీసిస్‌లో అలా రాసి, పత్రికల వారితో మాత్రం "మందు దొరికింది" అంటే ఆ విద్యార్థి తన జవాబును తానే పాడుచేసుకున్నట్టు.

రెండో అభ్యంతరం మన దేశం గురించి. డబ్బూ యంత్రాలూ ఉన్న దేశాలు ఈ పని చేస్తున్నాయి కదా, మనమెందుకు? దీనికి జవాబు హైదరాబాదులోనే ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే మన నిమ్స్ ఆసుపత్రిలో, మతిమరుపు రోగుల క్లినిక్ నడిపిన సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 2013లో ఒక పరిశోధన ప్రకటించారు. మతిమరుపు జబ్బు వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. ఒక్క భాషే మాట్లాడేవారికన్నా రెండు, మూడు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. పాశ్చాత్య దేశాల్లో ఇదే ప్రశ్న వేస్తే ఒక చిక్కు వచ్చేది. అక్కడ రెండు భాషలు మాట్లాడేవారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడా భాష వల్లనా, వలస వల్లనా, చదువు వల్లనా? హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడటానికి ఎవరూ ఎక్కడికీ వలస పోనక్కరలేదు, బడికి పోనక్కరలేదు. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అందుకే ఆ జవాబుకు బలం వచ్చింది. ఈ విషయంలో అందరూ ఏకీభవించలేదు. జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి చూసే పరిశోధనకు పరిమితులున్నాయని కొందరన్నారు. ఆ మాటలోనూ పస ఉంది.

ఆ పరిమితిని దాటాలంటే ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించాలి. మామిడికి పేరున్న కోలార్ జిల్లా శ్రీనివాసపురలో, మన సరిహద్దు పక్కనే, తెలుగు బాగా వినిపించే పల్లెల్లో బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం ఆ పనే చేస్తోంది. నలభై ఐదు దాటిన గ్రామీణులను పది వేల మందిని అలా గమనించాలన్నది లక్ష్యం. బెంగళూరులోనే నిమ్‌హాన్స్ సంస్థలో 1995 నుంచి మెదడు నిధి ఉంది. కుటుంబాల అనుమతితో, పోయినవారి మెదళ్లను పరిశోధన కోసం అక్కడ భద్రపరుస్తారు. మన ఆహారం, మన మధుమేహం, మన భాషలు, మన వంశాలు కలిసిన మెదడు గురించి వేరేవాళ్లు మన బదులు తెలుసుకోలేరు.

మూడోది ఇంటి అభ్యంతరం. ఐదారేళ్లు పడుతుంది, తర్వాత ఉద్యోగానికి హామీ లేదు. ఇది తీసిపారేయలేని మాట. జాతీయ స్థాయి పరీక్ష నెగ్గినవారికి 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. అది సకాలంలో అందితే ఒంటరి విద్యార్థికి గడుస్తుంది. ఇంటికి పంపవలసిన బాధ్యత ఉంటే కష్టం. ఇది తెలిసే అడుగు వేయాలి. కానీ ఈ ఆలస్యంలో కొంత మనం చేజేతులా తెచ్చిపెట్టుకున్నది కూడా. "పనిచేయలేదు" అని తేలిన ఫలితాన్ని మన విద్యాసంస్థలు చాలాకాలం ఫలితంగానే చూడలేదు. ఇందాకటి ఉదాహరణలో ఆ పదార్థం కణాలను కాపాడలేదని జాగ్రత్తగా తేల్చిన విద్యార్థిని, ఇంకొకరికి నాలుగేళ్లు మిగిల్చింది. అది థీసిస్‌కు చాలదా? చాలుతుందని నేను గట్టిగా నమ్ముతాను. థీసిస్ ఇవ్వడానికి ముందే పత్రికలో వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ 2022లో తీసేసింది. చాలా సంస్థలు సొంతంగా దాన్ని కొనసాగిస్తున్నాయి. ఎలాగైనా అచ్చు కావాలి అన్న ఒత్తిడి, కణాలు లెక్కపెట్టే కంటిని ఎటు లాగుతుందో ఇందాకే చెప్పుకున్నాం.

కాబట్టి ఈ దారిలోకి రావాలనుకునే యువతీ యువకులారా, ల్యాబు ఎంచుకునేటప్పుడు గోడ మీది అవార్డులు చూసి ఆగిపోకండి. అక్కడ మూడో ఏడాదిలో, నాలుగో ఏడాదిలో ఉన్న సీనియర్లతో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడండి. అనుకున్న ఫలితం రానప్పుడు గైడుగారు ఏమన్నారో అడగండి. పలకల మీద చీటీలు అంటించే అలవాటు ఉందో లేదో అడగండి. ఇంతకుముందు బ్యాచ్ వాళ్లు చేసిన ప్రయోగాన్ని కొత్తవాళ్లు మళ్లీ చేసి చూశారా, చేస్తే అదే వచ్చిందా, రాకపోతే ఆ సంగతి ల్యాబు మీటింగులో బయటకు చెప్పుకున్నారా, ఇది తప్పకుండా అడగండి. వీటికి తడుముకోకుండా జవాబు వచ్చిన ల్యాబు చిన్న ఊళ్లో ఉన్నా, యంత్రాలు పాతవైనా, అక్కడే చేరండి. ఇక తల్లిదండ్రులారా, సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను ఈసారి తన ప్రశ్న ఏమిటో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా, మన తెలుగులో చెప్పమనండి. చెప్పడానికి తను కాస్త తడబడినా, ఓపిగ్గా వినండి.